తడి నేల మీద దొరకని మెరుపు

శుక్రవారం మధ్యాహ్నం డైరెక్టరు గారు సంతకం పెడితే పిచ్చుక ఉద్యోగం పోతుంది. ఒట్టి ఉద్యోగమే అయితే పెద్దమ్మ ఇంతగా బెంగపెట్టుకునేది కాదు. ఆ కాగితంలో 'నిర్లక్ష్యం వల్ల అగ్నిప్రమాదం' అన్న ముక్క ఉంటుందట. ఆ ముక్క వెంటబడ్డ మనిషిని ఈ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కనివ్వదు. ఊరు విడిచి పోవాల్సిందే.

పెద్దమ్మ ప్లాస్టిక్ ఫిల్ము ఫ్యాక్టరీలో చుట్టుడు హాలు ఊడ్చి తుడిచే మనిషి. ముప్పై ఏళ్ళుగా ఆ హాలుకు ఆమే దిక్కు. యంత్రాల మీద పనిచేసే వాళ్ళందరూ ఆమెను పెద్దమ్మా అనే పిలుస్తారు గానీ, వరసకు నిజంగా పెద్దమ్మ అయ్యేది పిచ్చుక ఒక్కదానికే. చెల్లెలు కన్నుమూసే నాటికి దానికి నాలుగేళ్ళు. అప్పటినుంచీ ఈమె చేతుల్లోనే పెరిగింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళది, మూడో నంబరు యంత్రం ఆపరేటరు. సన్నగా, చురుగ్గా, ఒక్కచోట నిలవకుండా తిరుగుతుంది కాబట్టి ఆ పేరు.

ఎవరైనా ఫ్యాక్టరీ గేటు దాటి వెళ్ళిపోతుంటే వాళ్ళు మలుపు తిరిగేదాకా చూడటం పెద్దమ్మకు అలవాటు. అలా చూస్తే తిరిగి వస్తారని ఆమెకో నమ్మకం. చాలామంది రాలేదు. అయినా అలవాటు మానలేదు.

ప్రమాదం జరిగింది పోయిన గురువారం. ఫిల్ము చుట్ట నిండితే ఆపరేటరు యంత్రం ఆపి, చివర కత్తితో కోసి, కొత్త గొట్టం ఎక్కించాలి. పిచ్చుక కత్తి పెట్టగానే ఠప్పుమని మెరుపు లేచింది. పక్కనే రోలర్లు తుడిచే స్పిరిటు గుడ్డ ఉంది. అది భగ్గుమంది. పిచ్చుక పరిగెత్తి మంటలార్పే సిలిండరు తెచ్చి తనే ఆర్పేసింది. కుడిచేతి వేళ్ళు రెండు బొబ్బలెక్కాయి. అంతవరకూ అందరూ మెచ్చుకున్నారు. తర్వాత సూపర్‌వైజరు యంత్రం పక్కన వేలాడుతున్న పట్టీని చూశాడు.

ఆ పట్టీ మణికట్టుకు కట్టుకునేది. దాని తీగ భూమిలోకి పోతుంది. ఒంట్లో చేరిన కరెంటు నిప్పురవ్వగా ఎగరకుండా నెమ్మదిగా నేలలోకి దిగిపోవడానికి అది. పట్టీ విప్పి ఉంది. అంటే కట్టుకోలేదు, ఒంట్లోంచి రవ్వ ఎగిరింది, మంట లేచింది. సూపర్‌వైజరు మూడు ముక్కల్లో తేల్చేశాడు.

"కట్టుకునే ఉన్నాను సార్. మంట చూసి విప్పి పరిగెత్తాను. పట్టీతో సహా సిలిండరు దగ్గరికి ఎలా పోను?" అంది పిచ్చుక.

"ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు. విచారణ కాగితం ఆయనే రాశాడు. కట్టుకట్టిన చేత్తో ఆ పిల్ల వంకరటింకరగా సంతకం చేసింది.

సోమవారం ఉదయం పెద్దమ్మ చీపురు గోడకు ఆనించి పరీక్షల గదికి వెళ్ళింది. ఆ గదిలో ఉండే ఇంజనీరును హాల్లో అందరూ మీటరమ్మ అంటారు. ముప్పై దాటిన మనిషి, మెడలో గొలుసుకు బదులు మీటరు తీగలు వేలాడుతుంటాయి. తిండి ధ్యాస ఉండదు. భోజనం డబ్బా సాయంత్రానికి మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోతుంది.

"అమ్మా, మా పిల్ల అబద్ధమాడదు," అంది పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి. అంతకుమించి ఏం అడగాలో ఆమెకు తెలియలేదు.

"ఆడదని నాకూ తెలుసు. కానీ నేను అంటే ఎవరు వింటారు? రండి, ఇలా కూర్చోండి. నిలబడితే నాకు కంగారు."

మీటరమ్మ బల్లమీద ఒక కత్తి ఉంది. ప్రమాదం నాటి కత్తి. దాన్ని భూతద్దం కింద పెట్టి చూడమంది. మొన దగ్గర ఆవగింజలో సగమంత గుంట, అంచులు కరిగి నున్నగా ఉన్నాయి.

"ఇనుము కరిగింది కదా?" అంది పెద్దమ్మ.

"కరిగింది. ఎవరు కరిగించారన్నదే ప్రశ్న. మనిషా, ఇంకేదన్నానా. ఇప్పుడు మీకు ఒక మనిషిని చూపిస్తాను." డ్రాయరులోంచి చిన్న పలక తీసింది. దానిమీద కరెంటు దాచే మిరియపు గింజంత కెపాసిటరు ఒకటి, దాని పక్కన కరెంటును బిగబట్టే పుల్లముక్క లాంటి రెసిస్టరు ఒకటి, అంతే. "ఇది మీరు."

పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ముప్పై ఏళ్ళు చాకిరీ చేసిన దాన్ని, ఇంతేనా నేను?"

"మీరే కాదు, డైరెక్టరు గారు కూడా అంతే. కరెంటు విషయంలో మనుషులందరూ ఈ రెండు ముక్కలే. ఇది ఎంత దాచుకోగలరో చెబుతుంది. ఇది ఎంత బిగబట్టి వదులుతారో చెబుతుంది."

"సూపర్‌వైజరు గారు?"

"ఆయనకి రెండోది కొంచెం పెద్దదేమో," అంది మీటరమ్మ. ఇద్దరూ నవ్వారు. ఆ గురువారం తర్వాత పెద్దమ్మ నవ్వడం అదే మొదలు.

మీటరమ్మ ఆ 'మనిషి'కి పదివేల వోల్టులు ఎక్కించి కొత్త కత్తి మొన దగ్గరికి తెచ్చింది. టిక్కుమంది. కరెంటు కొలిచే పెట్టె తెరమీద ఒక గీత ముల్లులా లేచి అక్కడే పడిపోయింది. కత్తిని భూతద్దం కింద పెడితే ఏమీ లేదు. పదిసార్లు చేసింది. పదిసార్లూ ఏమీ లేదు.

"చూశారా, మనిషి దగ్గర ఇనుము కరిగించేంత సరుకు లేదు. అది యంత్రం మీదనుంచే వచ్చింది. ఎక్కడినుంచో నాకు అనుమానం ఉంది. మూడో యంత్రంలో ఫిల్ము మీదుగా జారిపోయే డ్రమ్ముకి ఆరు నెలల కిందట ప్లాస్టిక్ తొడుగు వేశారు, గుర్తుందా?"

గుర్తులేకేం. ఫిల్ముకు గీతలు పడుతున్నాయని సూపర్‌వైజరే పట్టుబట్టి వేయించాడు. తొడుగు తెల్లగా మెరుస్తుంటే, పెద్దమ్మా దీన్ని కూడా తుడుస్తూ ఉండు అని ఆమెకు పురమాయించాడు కూడా.

"ఫిల్ము రోజంతా ఆ తొడుగుని రుద్దుకుంటూ పోతుంది. తొడుగు పైన చార్జి, అంటే నిలవ కరెంటు, చేరుతుంది. కింద ఇనప డ్రమ్ము. మధ్యలో పల్చటి ప్లాస్టిక్. అంటే అదీ ఒక కెపాసిటరే, చాలా పెద్దది. కత్తి మొన దగ్గరికి రాగానే ఖాళీ అవుతుంది."

లెక్కలు కట్టి, గ్లాసంత కెపాసిటరు ఒకటి తెచ్చి బిగించింది. పెద్దమ్మను చెవులు మూసుకోమంది. గది అదిరేలా పేలింది. తెరమీద గీత పైఅంచు దాటి ఎక్కడికో పోయింది. కత్తి మొన ఎగిరి గోడకు తగిలింది.

మీటరమ్మ కుర్చీలో కూలబడింది. "ఇదీ కాదు. అది చీమ, ఇది ఏనుగు. కత్తిని కుట్టింది ఈ రెంటికీ మధ్య ఏదో ఉంది. ఈ లెక్క పట్టుకెళితే నన్ను నవ్వి పంపిస్తారు."

పెద్దమ్మ ఎగిరిపడ్డ మొనను ఏరి బల్లమీద పెట్టింది. మీటరమ్మ ముఖంలో నిరాశ కంటే చిరాకెక్కువ కనిపించింది, దారం చిక్కుపడితే కుట్టుపని చేసేవాళ్ళ ముఖంలో ఉండేలాంటిది. అది చూసి ఆమెకు కొంత ధైర్యం వచ్చింది.

మంగళవారం హాలు పని ముగించుకొని వెళ్ళేసరికి మీటరమ్మ ఇనప రేకు మీద తొడుగు ముక్క పరిచి, ఉన్నిగుడ్డతో అరచేతులు ఎర్రబడేలా రుద్దుతోంది.

"సమయానికి వచ్చారు. ఆ పౌడరు డబ్బా అందుకోండి."

"ముఖానికి రాసుకునే పౌడరా?"

"అదే. ఇంట్లోంచి తెచ్చాను. నా ముఖానికి ఎలాగూ దండగ."

భూమి తీగ కట్టిన ఇత్తడి గుండును తొడుగు దగ్గరికి తెచ్చింది. ఠప్పుమని తెల్లటి వెలుగు ప్లాస్టిక్ మీద కొమ్మలు కొమ్మలుగా పాకి ఆరిపోయింది. పెద్దమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. మీటరమ్మ మెల్లగా పౌడరు జల్లి ఉఫ్ అని ఊదింది. కరెంటు ఉన్నచోట పౌడరు అంటుకుంది, లేనిచోట లేచిపోయింది. చూస్తుండగానే తొడుగు మీద ఒక నది, దానికి ఉపనదులు, వాటికి పిల్లకాలువలు తేలాయి. ఎవరో పటం గీసినట్టు.

పెద్దమ్మ వంగి చూసింది. ముప్పై ఏళ్ళుగా ఆమె చేతుల్ని, మోచేతుల్ని కుట్టిన చురుక్కులు లోపల ఇంత అందంగా ఉంటాయని ఆమె ఏనాడూ అనుకోలేదు.

మీటరమ్మ మాత్రం అందం చూడటం లేదు. ఒక కొమ్మ చివర వేలు పెట్టి అక్కడే ఆగిపోయింది. వేలు తీసి కొమ్మ వెంట వెనక్కి, గుండు తగిలిన చోటుకి నడిపింది. మళ్ళీ చివరికి. అలా మూడుసార్లు.

"నేను ఒట్టి మొద్దుని," అంది చివరికి. "ప్లాస్టిక్ మీద చార్జి కదలదు పెద్దమ్మా. ఎక్కడ అంటుకుంటే అక్కడే కూర్చుంటుంది. నేనేమో దాన్నంతా ఒక డబ్బాలో పోసి ఒక్కసారిగా ఒంపేశాను. అది ఒంపితే వచ్చేది కాదు. ఈ మెరుపే నడుచుకుంటూ గడప గడపకీ వెళ్ళి పిలవాలి. దగ్గరి వాళ్ళు ముందు వస్తారు. దూరంవాళ్ళు తర్వాత వస్తారు. చివరి వాళ్ళ దాకా వెళ్ళకుండానే అలిసిపోతుంది."

"మరి అందరినీ తీసుకెళ్ళదా?"

"తీసుకెళ్ళదు. కొందరు మిగిలిపోతారు. ఇదిగో, పౌడరు పట్టని ఈ ఖాళీలన్నీ ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు. ఈ గుబురంతా మిగిలినవాళ్ళు."

పెద్దమ్మ ఆ తెల్లటి గుబుర్ల వైపు కాసేపు చూసింది. తర్వాత ఏమనుకుందో, "ఏం చేయాలో చెప్పు, నాకు చేతులున్నాయి కదా," అంది.

నలభై చిన్న కెపాసిటర్లు, నలభై రెసిస్టర్లు, నలభై చిన్న తీగచుట్టలు. పెద్దమ్మ ఒక్కొక్కటీ ఏరి అందించింది. మీటరమ్మ వరసగా అతికింది, ఒకదాని వెనక ఒకటి, నిచ్చెన మెట్లలా. ఆ పని చూస్తుంటే పెద్దమ్మకు కడుపు నిండినట్టయింది. మీటరమ్మ వేళ్ళు బొద్దుగా, మొరటుగా ఉంటాయి. అయినా వేడి సీసం చుక్క ఎక్కడ ఆగమంటే అక్కడే ఆగింది. తప్పు పోయిన చోట గొణగకుండా ఊడదీసి మళ్ళీ పెట్టింది. ఒకసారి పదిహేనో మెట్టు దగ్గర అన్నీ తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే, "మెరుపు నడక తొడుగు మీద ఎంత వేగమో ఇక్కడా అంతే ఉండాలి. లేకపోతే బొమ్మ గీసినట్టే గానీ లెక్క చేసినట్టు కాదు," అంది.

పొద్దు వాలే వేళకు నిచ్చెన పూర్తయింది. దానికి కరెంటు ఎక్కించి కొత్త కత్తి మొనకు వదిలితే ఠప్పుమంది. ముల్లు రాలేదు. తెరమీద గీత గబుక్కున లేచి, పైన కొంతదూరం నిలబడి, నెమ్మదిగా జారింది. పడుకున్న పశువు వీపులా ఉంది. ఆ మొనను భూతద్దం కింద పెట్టారు. ఆవగింజలో సగమంత గుంట.

మీటరమ్మ అరవలేదు, ఎగరలేదు. గీతను పల్చటి పారదర్శక కాగితం మీద అచ్చు తీసి, కింద తేదీ వేసి సంతకం చేసి పెద్దమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీ దగ్గర ఉంచండి. నిజం మెరుపుని హాల్లో కొలిచాక, దాన్ని చూసి నేను దీన్ని సర్దానని రేపు ఎవరూ అనకూడదు."

"నీ మీద నీకే అంత అనుమానమా అమ్మా?"

"నా మీద నాకు లేకపోతే, వాళ్ళకి నా మీద ఉంటుంది."

బుధవారం ఉదయం మూడో యంత్రం తిప్పడానికి అనుమతి దొరికింది. పరీక్షల గది వాళ్ళు వస్తున్నారని సూపర్‌వైజరు పొద్దున్నే హడావిడి పెట్టాడు. "పెద్దమ్మా, హాలు అద్దంలా ఉండాలి, నాలుగు బకెట్లు ఎక్కువైనా పరవాలేదు!" ఆమె మోకాళ్ళ నొప్పి కూడా మరిచి తుడిచింది. పిల్ల బతుకు తేలే రోజు కదా, దుమ్ము కూడా అడ్డు రాకూడదని.

యంత్రం గంట తిరిగింది. మీటరమ్మ కొలిచే పరికరం తొడుగు దగ్గర పెట్టింది. ముల్లు కదలలేదు. గుండు దగ్గరికి తెచ్చింది. చప్పుడు లేదు. రెండు గంటలు తిరిగింది. ఏమీ లేదు.

"ఏం మేడమ్, మెరుపులు సెలవు పెట్టాయా?" సూపర్‌వైజరు చేతులు కట్టుకొని నవ్వాడు. "ఆరు నెలల్లో రెండు తనిఖీలు జరిగాయి. రెండింట్లోనూ ఇదే రాశారు, చార్జి లేదు అని. మీ గదిలో ఉన్నిగుడ్డతో రుద్దితే ఏదైనా వస్తుంది. మా యంత్రం ఉన్నిగుడ్డ కాదు."

మీటరమ్మ యంత్రం ఆపించింది. పరికరాలు సర్దుకుని, తల వంచుకొని వెళ్ళిపోయింది.

ఆ రోజు పని ముగిశాక పెద్దమ్మ బకెట్ల గదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. పక్కింటి ఆవిడ కూతురు ఊరు వదిలి వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. రెండు సంచులు, ఒక గొడుగు. పిచ్చుకకు గొడుగు కూడా లేదు. కొనాలి. ఏ ఊరు పోతుందో, అక్కడ ఎవరుంటారో. ఇలా ఒకదానిమీద ఒకటి ముసురుకుంటుంటే, వాటి మధ్య ఇంకో మాట వచ్చి నిలబడింది. ప్రమాదానికి ముందు మూడు రోజులు మోకాళ్ళు పట్టేసి ఆమె పనికి పోలేదు. ఎవరో పొడి చీపురు ఆడించి ఊరుకున్నారు. అప్పుడు ఇంటికొచ్చి పిచ్చుక అంది, "నువ్వు లేకపోతే హాలంతా చురుక్కులే పెద్దమ్మా!" పిల్ల తన మీద ప్రేమకొద్దీ అంటోందనుకుని మురిసిపోయింది తాను.

లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. మోకాళ్ళ సంగతి చూడకుండా పరీక్షల గదికి గబగబా నడిచింది.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, నవ్వకు. నేను తడిగుడ్డ పెట్టిన రోజు హాల్లో ఎవరికీ చురుక్కుమనదు. పెట్టనిరోజు తలుపు పిడి ముట్టుకుంటే కుడుతుంది. అది దీనికి సంబంధించిందేనా?"

మీటరమ్మ చేతిలోని తీగ అలాగే ఉండిపోయింది. తర్వాత నుదురు ఠపీమని కొట్టుకుంది. "తేమ! నా చదువులో మొదటి పాఠం అది. నేల తడి గాలిలో చేరుతుంది, గాలి తడి తొడుగు మీద పొరలా పడుతుంది, చార్జి ఎప్పటికప్పుడు జారిపోతుంది. నా నిచ్చెనలో ప్రతి మెట్టు దగ్గరా చిన్న కన్నం పెట్టినట్టు. నేను అన్ని మీటర్లూ చూశాను పెద్దమ్మా, కాళ్ళ కింద నేల చూడలేదు. తనిఖీకి వచ్చిన ప్రతిసారీ హాలు తుడిపిస్తారు కదూ?"

"తుడవకుండా ఉంటానా? తనిఖీ అంటే ఆయన రెండుసార్లు తుడిపిస్తాడు."

"అందుకే రెండు తనిఖీల్లోనూ ఏమీ దొరకలేదు."

పెద్దమ్మ గోడ పట్టుకుంది. "అయితే నేను మూడు రోజులు ఇంట్లో కూర్చోబట్టే దాని వేళ్ళు కాలాయా?"

"కాదు." మీటరమ్మ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఆ తొడుగు వేసింది మీరు కాదు. వేసిన ఆరు నెలలూ అది ఎవరినీ కాల్చకుండా ఆపింది మాత్రం మీరే. తడిగుడ్డ ఒక్కదాంతో. ఇప్పుడు నాకు ఒక్క సాయం చేయండి. శుక్రవారం సంతకానికి ముందు ఒక్కసారి వచ్చి చూడమని డైరెక్టరు గారిని నేను అడుగుతాను, అందాకా నీళ్ళు ముట్టుకోకండి."

శుక్రవారం ఉదయం చుట్టుడు హాలు దుమ్ము కొట్టుకుని ఉంది. నేలమీద బూటు గుర్తులు, ఫిల్ము తునకలు. తన హాలును అలా చూడటం పెద్దమ్మకు మాసిన బట్టలతో నలుగురిలోకి వచ్చినట్టుంది.

"బకెట్లు ఏవి? తుడుపు కర్రలు ఏవి?" సూపర్‌వైజరు కేకలేస్తూ తిరుగుతున్నాడు. "డైరెక్టరు గారు పది నిమిషాల్లో వస్తారు!"

"లోపల ఉన్నాయి సార్. తాళం వేశాను."

"తాళం తీయి!"

"తీయను సార్."

ముప్పై ఏళ్ళలో ఆ మాట ఆమె నోట ఎవరూ వినలేదు. సూపర్‌వైజరు ఒక్క క్షణం అర్థంకానట్టు చూశాడు. "ఏంటి పెద్దమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నేలే బాగాలేదు. ఇవాళ దాన్ని అలాగే చూడనివ్వండి."

ఆయన ఇంకేదో అనేలోగా డైరెక్టరు గారు వచ్చేశారు. నెమ్మదిగా మాట్లాడే పెద్దాయన. నేల వైపు ఒకసారి చూసి యంత్రం దగ్గరికి నడిచారు. మీటరమ్మ యంత్రం పక్కన స్పిరిటు గుడ్డలు లేకుండా ముందే తీయించింది. అందరినీ పసుపు గీత వెనక నిలబెట్టింది. పిచ్చుక కట్టుకట్టిన చేత్తో తలుపు దగ్గర నిలబడి ఉంది.

యంత్రం తిరిగింది. పావుగంటకే ముల్లు చివరికంటా పోయి కొట్టుకోసాగింది. యంత్రం ఆపి, మీటరమ్మ పొడవాటి కర్రకు కట్టిన ఇత్తడి గుండును తొడుగు దగ్గరికి తీసుకెళ్ళింది. భూమి తీగ దానికి కట్టే ఉంది.

ఠప్పు!

డ్రమ్ము నిండా తెల్లటి కొమ్మలు పాకాయి. సూపర్‌వైజరు రెండడుగులు వెనక్కి గెంతాడు. తెరమీద గీత లేచి, నిలబడి, జారింది. పెద్దమ్మ సంచిలోంచి పారదర్శక కాగితం తీసి ఇచ్చింది. మీటరమ్మ దాన్ని తెరమీద ఆనించింది.

ఒక గీత మీద ఇంకో గీత కూర్చుంది. లేచే చోట తేడా లేదు. నిలబడే చోట వెంట్రుకవాసి. చివర జారే చోట మాత్రం నిజం మెరుపు తోక కొంచెం పొడుగ్గా ఉంది.

డైరెక్టరు గారు కళ్ళజోడు సర్దుకుని తేదీ చదివారు. "మంగళవారం. కొలవకముందే గీశారా?"

"అవును సార్. పెద్దమ్మ దగ్గర పెట్టాను."

"ఈ తోక ఎందుకు కలవలేదు?"

"తెలియదు సార్." మీటరమ్మ తడుముకోలేదు. "నా నిచ్చెన తిన్నగా ఒక వరసలో పోతుంది. అసలు మెరుపు కొమ్మలేస్తుంది. దానివల్ల కావచ్చు. ఖచ్చితంగా చెప్పలేను."

పెద్దమ్మ చప్పున మీటరమ్మ వైపు తిరిగింది. తెలియదంటే ఎలా? తెలుసని చెబితే ఏం పోయింది? కానీ డైరెక్టరు గారి ముఖం ఆ మాట విన్నాకే సడలింది. అన్నీ కలిశాయని చెప్పేవాళ్ళను ఆయన చాలామందిని చూసినట్టున్నారు.

"మరి ఆ అమ్మాయి పట్టీ?"

"ఇప్పుడు ఈ గుండు భూమి తీగతోనే ఉంది సార్. అయినా మెరుపు వచ్చింది. పట్టీ కట్టుకున్నా వచ్చేది, కట్టుకోకపోయినా వచ్చేది. మనిషి ఒంట్లో ఉన్న చార్జి ఆ కత్తిని గీరను కూడా గీరలేదు. పదిసార్లు చూశాను. మంట పెట్టింది తొడుగు."

"మరి తనిఖీల్లో ఎందుకు తేలలేదు?"

మీటరమ్మ పక్కకు జరిగి పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. అన్నీ చెప్పింది, తడిగుడ్డ సంగతి, సెలవు సంగతి, చురుక్కుల సంగతి.

"ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు?" డైరెక్టరు గారి గొంతులో కోపం లేదు.

"చెప్పాల్సిన మాట అని నాకూ తెలీదు సార్. శుభ్రంగా ఉంటే అందరూ సుఖంగా ఉంటారనుకున్నాను, అంతే."

ఆయన నేలమీద బూటు కొనతో దుమ్ములో ఒక చిన్న గీత గీశారు. ఏదో ఆలోచిస్తున్నట్టు దాన్నే చూస్తూ నిలబడ్డారు. తర్వాత సూపర్‌వైజరు వైపు తిరిగారు. "తొడుగు ఇవాళే తీయించండి. తనిఖీకి రెండు రోజుల ముందునుంచి హాలు తడపకూడదని బోర్డు మీద రాయించండి. విచారణ కాగితం చింపేయండి. కొత్తది ఆ అమ్మాయే రాస్తుంది, తన మాటల్లో."

"నేను గీతలు పడకూడదనే వేయించాను సార్," అన్నాడు సూపర్‌వైజరు చిన్నగా. ఆ మాటతో ఆయన మీద కూడా పెద్దమ్మకు జాలేసింది. మంచికోసమే చేశాడు పాపం. తనూ మంచికోసమే తుడిచింది.

సూపర్‌వైజరు వెళుతూ వెళుతూ పిచ్చుక దగ్గర ఆగాడు. "ఏమ్మా, చేయి ఎలా ఉంది?" అన్నాడు. వారం రోజుల్లో ఆ ప్రశ్న ఆయన అడగడం అదే మొదటిసారి. పిచ్చుక, "తగ్గుతోంది సార్," అంది.

మీటరమ్మ బల్ల మీద తెల్లకాగితం పెట్టారు. పిచ్చుకకు వేళ్ళు వంగడం లేదు. పెద్దమ్మ కలం తీసుకుంది. ఆమె బడికి పోలేదు. పిచ్చుక బడి పుస్తకాలు పట్టుకుని పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలు అవి. పెద్దవిగా, గుండ్రంగా వస్తాయి. ఒక్క పేజీలో నాలుగు వాక్యాలు కూడా పట్టవు.

"చెప్పు," అంది.

పిచ్చుక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మీటరమ్మ నలభై మెట్ల నిచ్చెనకు గుడ్డ కప్పుతూ వీళ్ళ వైపు తిరగకుండా ఉంది, వినడం లేదన్నట్టు.

"పట్టీ కట్టుకునే ఉన్నాను. మంట చూసి విప్పాను. సిలిండరు కోసం పరిగెత్తాను."

పెద్దమ్మ ఒక్కొక్క అక్షరం నొక్కి రాసింది. మొదటిరోజు కూడా పిల్ల ఈ మూడు ముక్కలే చెప్పింది. అందులో ఒక్క సంగతీ మారలేదు.

"ఇంకా? మెరుపు గురించి, తొడుగు గురించి రాయొద్దూ?"

"అది మీటరమ్మ గారు రాస్తారు. ఆవిడ కనిపెట్టింది కదా." పిచ్చుక కాగితం అంచు సవరించింది. "ఇంకో ముక్క రాయి పెద్దమ్మా. సోమవారం పనిలోకి వస్తాను."

పెద్దమ్మ రాసింది. ఆ చివరి మాట దగ్గర కలం కాసేపు ఆపి, మళ్ళీ చదువుకుంది. తర్వాత కాగితం పిల్ల ముందుకు జరిపి, ఎడమచేత్తో సంతకం చేయడానికి వీలుగా ఒక కొన గట్టిగా పట్టుకుంది.